నాలుగో గ్యాలరీలో ముప్పై ఎనిమిది మొక్కలు

రోజు 11,206

వెలిగిన దీపాలు 212. మాడినవి 2. నాలుగో గ్యాలరీలో వేడి ఇరవై రెండు డిగ్రీలు, పైన మధ్యాహ్నం యాభై నాలుగు. ఊట నీళ్ళు నిన్నటంతే.

ఈ రోజు రాజమౌళి మనవరాలికి పండు ముట్టించారు. ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకూ ఆరో నెలలో స్ట్రాబెర్రీ నాకిస్తారు. గనిలో ఉన్న తీపి అదొక్కటే. బిడ్డ మొహం చిట్లించి, తర్వాత నోరు తెరిస్తే అందరూ చప్పట్లు కొట్టాలి. ముప్పై ఏళ్ళుగా అలాగే జరుగుతోంది.

ఈసారి బిడ్డ మొహం చిట్లించలేదు, నోరూ తెరవలేదు. గోడను చూసినట్టు పండును చూసింది. రాజమౌళి ఇంకో పండు నాకించాడు. అంతే. చివరికి తనే నోట్లో వేసుకున్నాడు. మా ఓవర్‌మెన్ అతనే. కప్పు కూలకుండా చూడడం, ఎవరికెన్ని దీపాలో తేల్చడం అతని పని.

"ఏందిది? తడిసిన కాగితం నమిలినట్టున్నది," అన్నాడు.

తలా ఒకటి తీసుకున్నారు. కొందరివి తియ్యగా ఉన్నాయి, కొందరివి చప్పగా ఉన్నాయి. నేను రెండు తీసుకున్నాను, రెండూ చప్పన. ఇంతకుముందు అక్కడక్కడ చప్పటిది తగిలితే సరిగా పండలేదనుకునేవాళ్ళం. నాలుగో గ్యాలరీ సొరంగంలో స్ట్రాబెర్రీ మడి చూసుకునే కనకవ్వ బుట్ట పట్టుకుని నిలబడి ఉంది. ఆమె తినలేదు. అందరూ ఆమె వైపు చూశారు.

బల్బు మార్చాలని చెప్పి నేను వచ్చేశాను. బల్బు నిజంగానే మాడింది.

రోజు 11,207

దీపాలు 212. మాడినవి లేవు.

రాజమౌళి పరీక్ష పెట్టె తీసుకుని నాలుగో గ్యాలరీకి వచ్చాడు. అది మేము కిందికి దిగినప్పుడు తెచ్చుకున్న పెట్టె. దాని నోట్లో ఏది పెట్టినా రెండే మాటలు చెబుతుంది: తినవచ్చు, తినరాదు. పది పండ్లు పెట్టాడు. పదిటికీ తినవచ్చు అంది.

"చూసినవా కనకవ్వా, పెట్టె మంచిదే అంటున్నది. అంటే జాతి అదే. మరి రుచెట్ల పోయింది?"

"పెట్టెకు నాలుక ఉన్నదా అన్నా? బొగ్గు పెట్టినా తినొచ్చనే అంటదేమో, పెట్టి చూడు."

అతను నిజంగానే బొగ్గు ముక్క పెట్టాడు. తినరాదు అంది. అతను నవ్వలేదు, ఆమే నవ్వింది.

"జాతి మంచిగుండి రుచి పోయిందంటే తప్పు సాగుది. నీ చెయ్యి చెడ్డదని నేనంటలేను, జనమంటున్నరు. నలభై దీపాలు కాలుతున్నయి నీ మడి మీద. రోజు 11,230న దీపాల పంపకం. ఆనాటికి పండు తియ్యగ లేకపోతే ఆ నలభై పాలకూరకిస్త. నువ్వు కూడ పాలకూర మడిలకు పోవాలె."

పాలకూర మడి కింది అంతస్తులో, అక్కడివాళ్ళ అజమాయిషీలో. కనకవ్వ పందొమ్మిదేళ్ళుగా ఈ మడి ఒక్కటే చూసుకుంటోంది. కప్పు కూలి భర్త చనిపోయిన ఏడాది మొదలుపెట్టింది.

"నువ్వు తిని చూడలేదా?" అని రాజమౌళి అడిగాడు.

"నేను తినను. మొక్కున్నది."

ఏం మొక్కు అని అతను అడగలేదు. నేనూ అడగలేదు.

రోజు 11,209

దీపాలు 211. మాడినది 1.

కనకవ్వ నీళ్ళు మార్చింది, ఎరువు మార్చింది. పుప్పొడి అంటేలా బ్రష్‌తో పువ్వు పువ్వునూ మళ్ళీ తడిమింది. దీపాలు ఒక జానెడు దించమంది, దించాను.

"ఓ దీపాలాయనా, పందొమ్మిదేండ్ల నుంచి చూస్తున్నవ్ గద నా మడిని. నా చెయ్యి నిజంగ చెడిపోయిందా?"

లేదన్నాను.

"గింతేనా? నాలుగు మాటలు చెప్తే నీ కరెంటు పోతదా?"

రోజు 11,210

దీపాలు 212. నిద్ర సరిగా పట్టలేదు, అందుకే పాత పుస్తకాలు దించాను. రోజూ ఒక పేజీ రాయడం తప్ప నాకు వేరే చదువు లేదు. అక్షరాలు కూడా దీపం తీసుకునేవాళ్ళు ఇచ్చే ఇత్తడి బిళ్ళల మీద పేర్లు చూసి నేర్చుకున్నవే. రాయడం మాత్రం ఒక్క రోజూ వదలలేదు.

వెతికింది దొరికింది. అది ఉందని తెలిసే వెతికాను.

"రోజు 10,093. దీపాలు 220. కనకవ్వ మడి కుళ్ళు తెగులుతో సగం పోయింది. ఆమె రెండు రోజులుగా అన్నానికి రాలేదు. గనిలోకి గాలి వచ్చే బావి శుభ్రం చేయడానికి దిగితే అడుగున తడి గోడ వెంట అవే మొక్కలు వాటంతట అవే పెరిగి ఉన్నాయి. మూడేసి ఆకులు, ఎర్ర పండ్లు. 38 పీకి, షిఫ్టు మారే వేళ మడిలో ఖాళీ చోట నాటాను. ఎవరికీ చెప్పలేదు."

ఆ వారమే మడి మళ్ళీ చిగురించిందని గని అంతా చెప్పుకుంది. కనకవ్వ చెయ్యి పడితే రాయి కూడా పూస్తుందన్నారు. ఆమె అన్నానికి వచ్చింది. నేను మాట్లాడకుండా ఊరుకున్నాను. ఆ రోజు ఊరుకోవడం మంచిదే అనిపించింది.

ఆ మొక్కలు తీగలు పాకించి పిల్లలు పెడతాయి. మూడేళ్ళలో ముప్పై ఎనిమిది ఎన్నయి ఉంటాయో.

రోజు 11,211

దీపాలు 212. మాడినవి లేవు.

అనుమానమే తప్ప రుజువు లేదు. మడి చుట్టూ రెండు గంటలు తిరిగాను. ఆకులు ఒకటే, పువ్వులు ఒకటే, అయిదేసి రేకులు. నాకు తేడా కనపడలేదు. కనకవ్వకూ ఇన్నేళ్ళు కనపడలేదు. ఆమె కళ్ళు నా కళ్ళకంటే మంచివి.

రోజు 11,213

దీపాలు 212.

వంటశాలలో గొడవ. పోచవ్వకు జలుబు చేసింది. బియ్యప్పిండి డబ్బా అనుకుని పసుపు డబ్బా ఒంపి సర్వపిండి రొట్టెలు తట్టింది. మామూలుగా ఆమె వాసన చూసి డబ్బా తీస్తుంది, ఈ రోజు ముక్కు పనిచేయలేదు. మొదటి పంక్తి అంతా తిని ఉమ్మేశారు.

"మీ మూతులు పచ్చగున్నయో లేదో కూడ కనవడదు, తెల్లపిండి ఏదో పసుపేదో నాకెట్ల తెలవాలె?" అని పోచవ్వ అరుస్తోంది.

నేను చేతిలో రొట్టె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

ఒక్కటి తప్ప నీలి దీపాలూ తెల్ల దీపాలూ మాడిపోయి పాతికేళ్ళు దాటింది. మిగిలినవన్నీ ఎర్రవి. ఎర్ర దీపం కింద తెలుపూ పసుపూ ఒకటే రంగు. దీపాలు చూసుకునేవాణ్ణి నేనే, ఆ మాట అందరికంటే ముందు నాకు తట్టాలి.

రోజు 11,214

పైకి పోయే వాలుదారి ఇంక్లైన్ తలుపు చలికాలంలో తెల్లవారుజామున అరగంట తెరుస్తారు, గాలి కోసం. నిన్నే మడిలో పది మొక్కలకు దారం కట్టాను. మొదటిదానికి ఒక ముడి, రెండోదానికి రెండు, అలా పది వరకు. ఒక్కో మొక్క నుంచి ఒక పువ్వు కోసి, అన్నే ముళ్ళున్న దారం దాని కాడకు చుట్టి, డబ్బాలో పెట్టుకుని తెల్లారి పైకి నడిచాను.

తలుపు తెరిచారు. బూడిద రంగు వెలుగు వచ్చింది. డబ్బా మూత తీశాను.

ఆరు తెలుపు. నాలుగు పసుపు.

పసుపు రంగు చూసి ఎన్నేళ్ళయిందో. కాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను. తలుపు వేసేవాడు, "ఓదెలన్నా, ఎండ వస్తున్నది, దిగుతవా ఉడుకుతవా?" అన్నాడు. దిగాను.

రెండు, అయిదు, ఆరు, తొమ్మిది ముళ్ళ మొక్కలవి పసుపు పువ్వులు. ఆ నాలుగింటి పండ్లు తిన్నాను. నాలుగూ చప్పన. మిగతా ఆరింటి పండ్లు తిన్నాను. ఆరూ తీపి. మడి పాడవలేదు, అందులో రెండు జాతులున్నాయి. రెండోది తెచ్చింది నేను.

రోజు 11,215

దీపాలు 212.

చెప్పాలని రెండుసార్లు నాలుగో గ్యాలరీకి వెళ్ళి రెండుసార్లూ బల్బులు తుడిచి వచ్చాను.

రోజు 11,216

చెప్పాను. పుస్తకం తీసుకెళ్ళి రోజు 10,093 పేజీ చదివాను. మాటలు వెతుక్కోవడం కంటే చదవడం నాకు తేలిక.

కనకవ్వ చేతిలో బ్రష్ అలాగే ఉండిపోయింది.

"అంటే నా మడి మల్ల లేవలేదు. నువ్వు నాటినవ్."

సగం నువ్వు బతికించుకున్నదే అన్నాను. పదింటిలో ఆరు తెల్ల పువ్వులవి, తియ్యనివి, నాలుగు పసుపు పువ్వులవి, చప్పనివి, అని లెక్క చెప్పాను.

"లెక్కలొద్దు నాకు. నేనేమనుకున్ననో తెలుసా నీకు? సమ్మక్క తల్లి చూసిందనుకున్న. రెండు దినాలు తిండి మానేసి మొక్కిన. తల్లీ, నా మడి లేస్తే మల్ల జాతర అయ్యేదాక ఒక్క పండు నోట్లె పెట్టనని. మూడోనాడొచ్చి చూస్తే ఖాళీ జాగల పచ్చగున్నయి. ఒళ్ళంత జలదరించింది. మూడేండ్లు, దీపాలాయనా! ఈ చేతులతోని వేల పండ్లు తెంపి అందరికిచ్చిన. ఒక్కటి రుచి చూడలే."

అప్పుడు అర్థమైంది నాకు. మడిలో చప్పటి పండు పెరుగుతూ పోతుంటే రోజూ కోసే మనిషికి ఎందుకు తెలియలేదో. పైన జాతర జరిగి ముప్పై ఏళ్ళు. ఆ మొక్కుకు గడువే లేదు.

"నన్ను నమ్మించినవ్ నువ్వు. ఒక్క మాట, ఒక్క మాట చెప్తే ఏం పోయేది?"

ఏం పోయేది కాదు. ఆమె బ్రష్ బకెట్‌లో పడేసి వెళ్ళిపోయింది.

రోజు 11,217

దీపాలు 212. కనకవ్వ మాట్లాడలేదు.

రోజు 11,218

దీపాలు 211. నేను గ్యాలరీలో ఉండగానే కనకవ్వ పోచవ్వతో అంది: "మూడో వరుసల బల్బు మినుకు మినుకుమంటున్నదని దీపాలాయనకు చెప్పు."

పోచవ్వ నాకు చెప్పింది. బల్బు మార్చాను.

"మారిందని చెప్పు," అన్నాను పోచవ్వతో.

"మీ ఇద్దరి నడుమ నేనేమన్న టెలిఫోన్‌నా?" అంటూ పోచవ్వ పోయింది. కనకవ్వకు నవ్వొచ్చింది, నాకు కనపడకుండా అటు తిరిగింది.

రోజు 11,220

దీపాలు 212.

ఆమె మాట్లాడినా మాట్లాడకపోయినా పంపకానికి పది రోజులే ఉంది. రాజమౌళి దగ్గరకు వెళ్ళాను. గనిలో తెల్ల దీపం ఒక్కటే మిగిలింది, అతని టోపీ దీపం. కప్పులో పగుళ్ళు చూడడానికి వాడతాడు. అది తీసుకోవాలంటే అతని ఇత్తడి బిళ్ళ కావాలి. బిళ్ళ ఇవ్వకుండా దీపం కదలదు. ఆ నియమం రాసింది నేనే.

ఎందుకని అడిగాడు. పేజీ చదివి వినిపించి, పువ్వుల రంగు సంగతి చెప్పాను. రెండోసారి కాస్త తేలికైంది.

"ముప్పై ఎనిమిది నువ్వు నాటితె, నేను జనంల ఆమె చెయ్యిదే తప్పన్న."

"అవును."

"నా నోరు కడుక్కునేటట్టు చేసినవ్ గద ఓదెలూ." చాలాసేపు బిళ్ళను వేళ్ళ మధ్య తిప్పాడు. "కప్పు చూసుడుకు పోను దీపం చార్జి వారానికి గంట మిగుల్తది. గంట అంటే గంటే. నా కప్పు పగిలితె నీ పువ్వులు ఆపయి."

బిళ్ళ ఇచ్చాడు.

రోజు 11,222

తెల్ల దీపం తీసుకుని నాలుగో గ్యాలరీకి వెళ్ళాను. కనకవ్వ అక్కడే ఉంది. పోచవ్వ లేదు. కాబట్టి మాట్లాడక తప్పలేదు.

"ఏంది అది?"

"తెల్ల దీపం. గంట కాలుతుంది. పసుపు పువ్వున్న మొక్కకు దారం కట్టాలి."

ఆమె తన పాత చీర అంచు పరపరా చింపింది. అదే దారమయింది.

దీపం వెలిగించగానే ఇద్దరమూ ఆగిపోయాం. మడి మడంతా తెల్ల పువ్వులు, మధ్య మధ్య పసుపు గుంపులు. ఆమె చెంప మీద ఒక మచ్చ ఉంది, ఇన్నేళ్ళూ నేను చూడలేదు. ఆమె నా జుట్టు చూసి, "ఓయమ్మో, నెత్తంత తెల్లబడ్డదే!" అంది. ఆరు రోజుల తర్వాత నాతో అన్న సొంత మాట అదే.

నేను దీపం పట్టాను, ఆమె కట్టింది. మొత్తం మొక్కలు 604. గంట అయ్యేసరికి చూసినవి 341, దారం కట్టినవి 129. దీపం సన్నబడి ఆరిపోయింది. 263 మిగిలాయి. మళ్ళీ గంట కావాలంటే వారం ఆగాలి. అప్పటికి పువ్వులన్నీ రాలి కాయలైపోతాయి. ఎర్ర దీపాల కింద మళ్ళీ అన్నీ ఒకటే రంగు.

"ఇగ ఏం చేద్దాం?" అంది.

ఆరిన దీపం తీసుకెళ్ళి రాజమౌళికి అప్పగించాను.

రోజు 11,223

దీపాలు 212. మాడినవి లేవు.

మొదటి షిఫ్టులోనే కనకవ్వ పిలిచింది. పోచవ్వ చేత కాదు, నేరుగా తనే గ్యాలరీ మొదట్లో నిలబడి, "ఓ దీపాలాయనా, రా ఇటు!" అని కేకేసింది.

దారం కట్టిన మొక్క దగ్గర కూర్చోబెట్టింది. "కండ్లు మూసుకో. పండు పట్టు. చూడకు, పట్టు."

పట్టాను.

"ఎటున్నది?"

పైకి. కాడ నిటారుగా నిలబడి పండును ఎత్తి పట్టుకుంది. పండు అడుగున వెడల్పాటి ఆకుల గొడుగు. పండు మీద గింజలు ఇసక అంటినట్టు గరగర తగిలాయి. నొక్కితే రసం రాలేదు.

ఇంకో మొక్క దగ్గరకు నా చెయ్యి లాక్కెళ్ళింది. అక్కడ పండు ఆకుల కింద కాడ వంచుకుని వేలాడుతోంది. గింజలు లోపలికి దిగి ఉన్నాయి. కొంచెం నొక్కితే వేలు తడిసింది.

"దారం కట్టినయన్ని పైకి చూస్తున్నయి. కట్టనియన్ని నేలకు చూస్తున్నయి. పొద్దటి సంది నూటయాభై పట్టి చూసిన, ఒక్కటి తప్పలే. దీనికి నీ తెల్ల దీపమెందుకు? పందొమ్మిదేండ్లు తెంపిన చేతులు, గీ ముచ్చట చెప్పనే లేదు నాకు."

నువ్వు అడగలేదు కదా అన్నాను.

నా వైపు చూసింది. "మూడేండ్లు నోరు మూసుకున్నోడు మాట్లాడుతున్నడు!"

రోజు 11,226

దీపాలు 212. మడి అంతా ఆమె చేతితో చూసింది. చప్పటివి 231 పీకేశాం. మిగిలినవి 373. పీకిన వాటిలో ఒకటి తడి గుడ్డలో చుట్టి దాచాను. ఎందుకని అడిగింది. ఇంకెవరైనా తెస్తే పోల్చి చూడడానికి అన్నాను.

"నువ్వు తేకుంటె సాలు."

రోజు 11,230

వెలిగిన దీపాలు 212.

పంపకం. వంటశాలలో అందరూ కూర్చున్నారు. కనకవ్వ మాట్లాడకముందే నేను లేచాను. నేను లేవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు కాబట్టి అరుపులు వాటంతట అవే ఆగిపోయాయి. రోజు 10,093 పేజీ చదివాను. మూడోసారి. అక్షరాలు నావే కాబట్టి తడబడలేదు. తప్పు ఆమె చేతిది కాదు, నాది అని చెప్పి కూర్చున్నాను.

ఎవరో వెనక నుంచి, "దీపాలాయనకు గొంతున్నదిరో!" అన్నారు. నవ్వులు.

రాజమౌళి మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. కనకవ్వ బుట్టలోంచి ఒక పండు తీసి ఇచ్చింది. బిడ్డ నాకింది. మొహం గట్టిగా చిట్లించింది. బిడ్డ నోరు తెరిచి, తాత వేలితో సహా కొరికింది.

చప్పట్లకు పైకప్పు నుంచి బొగ్గు పొడి రాలింది.

"మొక్కలు తగ్గినయి గదా, ఇరవై అయిదు దీపాలు సాలు నీకు," అన్నాడు రాజమౌళి. "పదిహేను పాలకూరకు."

"ఇరవై ఎనిమిది."

"ఇరవై ఆరు. నేనన్న మాట ఎనక్కి తీసుకుంటున్న కనకవ్వా, దానికి కూడ రేటు కడ్తవా?"

"కడ్త. ఇరవై ఎనిమిది."

ఇరవై ఎనిమిది ఇచ్చాడు.

రోజు 11,231

నాలుగో గ్యాలరీలో పన్నెండు దీపాలు విప్పి పాలకూర మడికి బిగించాను. తిరిగి వచ్చేసరికి కనకవ్వ మడి గట్టు మీద కూర్చుని ఉంది. అరచేతిలో ఒక పండు.

"కూసో," అంది. కూర్చున్నాను.

"రాత్రంత ఒకటే ఆలోచన. నేను సమ్మక్కకు మొక్కిన. మొక్కినందుకు మడి లేసిందనుకున్న. లేపింది తల్లి గాదు, నువ్వు. మరి నా మొక్కు ఎవరికి ముట్టినట్టు?"

తెలియదన్నాను.

"నీకే ముట్టింది. మూడేండ్ల పండ్లు నీ పేరు మీద విడిచిపెట్టిన. తల్లి పైనుంచి చూసి నవ్వుకుంటది. జాతర ఎప్పుడైతదో ఆమెకే ఎరుక. కని మొక్కు నీదయినప్పుడు విడిపించేది కూడ నువ్వే. చెప్పు."

ఏం చెప్పాలని అడిగాను.

"నాకెట్ల తెలుసు? నువ్వే చెప్పాలె. ఈసారి పుస్తకంల సూసి సదవకు."

పండు ఆమె చేతిలో ఎర్ర దీపం కింద పాలిపోయినట్టు కనపడుతోంది. అది తియ్యనిదే, కాడ వంగిన మొక్కది. నేనే పట్టి చూశాను పొద్దున.

"తిను," అన్నాను.

ఆమె తిన్నది. మొహం చిట్లించింది, బిడ్డలాగే.

"పుల్లగున్నది," అంది. "మంచిగుంది. మూడేండ్ల కింద గిట్లనే ఉండేనా?"

అప్పుడూ ఇలాగే ఉండేదన్నాను.

ఇంకోటి తెంపి తిన్నది. మరోటి నా చేతిలో పెట్టి, "నీ పుస్తకంల ఎన్ని రాస్తవ్?" అంది.

"ఎన్ని తిన్నావు?"

"ఒకటే."

వెలిగిన దీపాలు 212. మాడినవి లేవు. నాలుగో గ్యాలరీలో వేడి ఇరవై రెండు. స్ట్రాబెర్రీ మొక్కలు 373. కనకవ్వ తిన్నవి: ఏడు.